జలుబు మాత్రయు, గుండె వేగమును

వానలు వెనుకబట్టి మంచు మొదలగు దినములలో ఇంటింటను తుమ్ములు, దగ్గులు వినవచ్చును. “మందు వేసికొన్న వారము, వేసికొనకున్న ఏడు దినములు” అని జలుబునుగూర్చి మనవారు హాస్యముగా చెప్పుకొందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయినను ఏడు దినములు పనిమాని కూర్చుండుటకు రైతుకుగాని, కూలికిగాని, పోలీసు ఉద్యోగపు పరుగు పరీక్షకు సిద్ధపడు యువకునకుగాని వీలుపడదు. అందుచేత అంగడిలో ఒక జలుబు మాత్ర కొని మ్రింగి, ముక్కు తెరచుకొనగానే ఎవరి శ్రమకు వారు పోవుదురు. ఆ మాత్ర శ్రమించు గుండెను ఏమి చేయునో విచారించువారు అరుదు.

ఇది వైద్యులు చూచుకొనవలసిన సంగతి గదా, పంచాయతీ సభ్యులకేల అని కొందరు అడుగవచ్చును. తెలంగాణమున 2022 సంవత్సరమునుండి గ్రామములందు క్రీడా ప్రాంగణములు ఏర్పడినవి. రెండు తెలుగు రాష్ట్రములందును అనేక చోట్ల ఉద్యానవనములలో వ్యాయామ పరికరములు అమర్చబడినవి. మండల కేంద్రములలో జిమ్ములు వెలసినవి. పూర్వము మన శరీరశ్రమ పొలములోనే ముగిసెడిది. నేడు ఉదయము వ్యాయామస్థలముననుగూడ సాగుచున్నది. తీర్మానము చేసి పరికరమును తెప్పించిన పంచాయతీయే దానిని ఎప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో చెప్పగలిగియుండవలెను. ఈ విషయము నాకు పుస్తకమువలనగాక, ఒక తెల్లవారుజామున నేను చేసిన పొరపాటువలన బోధపడినది. అందుచేత దానితోనే ప్రారంభించుచున్నాను.

నేను నేర్చిన పాఠము

నా వయస్సు 44 సంవత్సరములు. సగము దినము బల్లయొద్దను, సగము జీపులోను గడచు ఉద్యోగము. వైద్యుని సలహాపై రెండేండ్లుగా ప్రతి ఉదయము 20 నిమిషములు జిమ్ములోని రోయింగు మిషనుపై వ్యాయామము చేయుచున్నాను. ఛాతీకి కట్టుకొను పట్టీ ఒకటి గుండె నిమిషమునకు ఎన్నిమారులు కొట్టుకొనుచున్నదో మిషనుకున్న చిన్న తెరపై చూపును. నేను అలవాటుపడిన నడకలో ఆ అంకె 125 దరిదాపులలో నిలుచును.

ఒక ఉదయమున జలుబు చేసి, తల బరువుగా ఉండెను. ఇంటిలోనున్న జలుబు మాత్రను టీతో వేసికొంటిని. కొంతసేపటికి ముక్కు తెరచుకొనెను, ఒళ్ళునొప్పులు తగ్గెను. జలుబు పోయినదని తలచి మిషనుపై కూర్చుంటిని. నడక నిత్యపు నడకయే. పదవ నిమిషమున తెరపై 148 కనబడెను. పట్టీ చెడినదని భావించి ఇంకను లాగితిని. మరి రెండు నిమిషములకు కన్నులు తిరిగి, దిగి నేలపై చదికిలబడితిని. అచ్చటి కుర్రవాడు మంచినీరు తెచ్చి యిచ్చి, నా చేయి పట్టుకొని, “సార్, మిషను బాగానే ఉందండీ. మీ ఒళ్ళే కాలిపోతోంది” అనెను.

మాత్ర బలము తగ్గిన పిమ్మట మధ్యాహ్నము చూడగా జ్వరము 101 డిగ్రీలుండెను. సాయంకాలము వైద్యునితో, “ఆ మాత్రవలన నా గుండె పరుగెత్తినది” అని ఫిర్యాదు చేసితిని. ఆయన చిరునవ్వు నవ్వి, “మాత్ర చేసిన తప్పు చిన్నదండీ. మీకు జ్వరం లేదని మిమ్మల్ని నమ్మించింది చూశారా, అదీ అది చేసిన పెద్ద తప్పు” అనిరి. ఈ వ్యాసమంతయు ఆ ఒక్క మాటకు వివరణము.

రోయింగు మిషనుపై గుండె పని

పడవపై తెడ్డు వేయువాని చేతులే పనిచేయుచున్నట్లు చూచువారికి తోచును. పందెపు పడవలో అట్లు కాదు. అందు ఆసనము ముందునకు వెనుకకు జారును, పాదములు బిగించియుండును. ముందు కాళ్ళు తన్నును, పిమ్మట నడుము వెనుకకు వాలును, కడపట చేతులు లాగును. ఈ పనినే నేలపై చేయుటకు కల్పించినది రోయింగు మిషను. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున డ్రైసిగాకర్ సోదరులు 1981లో తయారుచేసిన నమూనావలన ఈ యంత్రము లోకమంతట వ్యాపించినది. గొలుసునకు కట్టిన పిడిని లాగగా ఒక చక్రము తిరిగి గాలిని కొట్టును. ఎంత బలముగా లాగిన, గాలి అంత బలముగా ఎదిరించును.

కాళ్ళు, నడుము, వీపు, భుజములు ఒక్కసారిగా పనిచేయుటచే వాటన్నిటికిని రక్తము కావలెను. విశ్రాంతిలోనున్న పెద్దవాని గుండె నిమిషమునకు 60 మొదలు 100 మారులు కొట్టుకొనును. ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తము బయటికి పోవును. 70 స్పందనలకు లెక్కకట్టిన, నిమిషమునకు దాదాపు 5 లీటర్లు. తీవ్రశ్రమలో ఆరోగ్యవంతుని గుండె దీనికి నాలుగు రెట్లు పంపవలసియుండును. అందుకై స్పందనలు వేగిరపడును.

ఆ వేగమునకును ఒక హద్దు కలదు. 220 నుండి వయస్సును తీసివేసిన, గుండె చేరగల గరిష్ఠ వేగము స్థూలముగా తెలియును. నా వయస్సునకు అది 176. ఇది అందరికిని సరిపోవు ఖచ్చితపు కొలత కాదు. ఒక్కొక్కరికి పది స్పందనలో, అంతకు మించియో భేదముండును. ఐనను దారి చూపును. సాధారణ వ్యాయామమున ఈ గరిష్ఠములో 70 శాతము చాలును, నాకది 123. ఆ ఉదయమున నేను చేరిన 148 నా గరిష్ఠములో 84 శాతము. అనగా తేలిక నడకలో నడచుచున్నానని నేను తలచుచుండగా, నా గుండె పరుగుపందెమున ఉండెను.

గదిలోని వ్యాయామమునకు మరొక లక్షణము కలదు. నీటిపై పడవ నడపువానికి గాలి తగిలి చెమట ఆరును. దానివలన ఒళ్ళు చల్లబడును. మూసిన గదిలో చెమట కారునేగాని ఆరదు. అప్పుడు గుండె కండరములకేగాక, వేడిని బయటికి పంపుటకై చర్మమునకుగూడ రక్తమును పంపవలెను. అందుచేత నడక మారకున్నను అంకె మెల్లమెల్లగా పైకి పోవును. శ్వాస బిగబట్టి లాగు అలవాటున్నవారికి, లాగిన ప్రతిమారును రక్తపుపోటు ఎగసిపడును.

మాత్రలో ఏమున్నది?

జలుబు మాత్ర ఒకే మందు కాదు. నాలుగైదు మందుల కలయిక. మన దేశమున విరివిగా అమ్ముడగు మాత్రల అట్టపై సాధారణముగా పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు, ఫినైల్‌ఎఫ్రిన్ 5 లేక 10 మిల్లీగ్రాములు, క్లోర్‌ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు ఉన్నట్లు వ్రాయబడియుండును. కొన్నిటిలో కెఫీన్ 30 మిల్లీగ్రాములుగూడ ఉండును. వీనిలో ఒక్కొక్కటి గుండెను ఒక్కొక్క త్రోవను తాకును.

పారాసిటమాల్ జ్వరమును, నొప్పులను తగ్గించును. అది గుండెను నేరుగా తొందరపెట్టదు. కాని జ్వరము శరీరము మ్రోగించు గంట వంటిది. గంట నాలుకకు గుడ్డ చుట్టినంతమాత్రాన ఇంటిలోని దొంగ పోడు.

ఫినైల్‌ఎఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ అనునవి ముక్కు దిబ్బడను తీయుటకు చేర్చు మందులు. జలుబు చేసినపుడు ముక్కు లోపలి రక్తనాళములు ఉబ్బి గాలికి దారి మూయును. ఈ మందులు ఆ నాళములను ముడుచుకొనునట్లు చేయును. ముక్కులోని నాళములను ముడుచు మందు తక్కినచోట్లగూడ కొంత ముడుచును. అందువలన రక్తపుపోటు పెరుగవచ్చును. సూడోఎఫెడ్రిన్ గుండెనుగూడ కొంత తొందరపెట్టును. అనేక పరిశోధనలను కలిపి 2005లో ప్రకటించిన లెక్కప్రకారము, దానివలన గుండె వేగము సగటున నిమిషమునకు సుమారు 3 స్పందనలు, పై రక్తపుపోటు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరిగెను. సగటు చిన్నదే, కాని సగటు ఏ ఒక్కరి శరీరమును కాదు. కొందరిలో పెరుగుదల దీనికి మించియుండును.

ఫినైల్‌ఎఫ్రిన్ నడవడి వేరు. అది రక్తనాళములను ముడిచి పోటును పెంచినపుడు, ఆ పోటును తగ్గించుటకై గుండె ఒక్కొక్కప్పుడు నెమ్మదించును. కనుక అంకె తక్కువగా ఉన్నంతమాత్రాన అంతయు క్షేమమని అనుకొనరాదు. పైగా నోటిద్వారా తీసికొనిన ఫినైల్‌ఎఫ్రిన్‌లో చాలభాగము ప్రేగులలోను, కాలేయములోను నశించును. మాత్రలోని ఈ మందు ముక్కు దిబ్బడను తీయుటలో పనిచేయుట లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థయొక్క సలహాసంఘము 2023 సెప్టెంబరులో ఏకగ్రీవముగా అభిప్రాయపడెను. దానిని ఆ దేశపు జలుబు మందుల పట్టికనుండి తొలగింపవలెనని 2024 నవంబరులో ఆ సంస్థ ప్రతిపాదించెను. అపాయకరమని కాదు, నిష్ప్రయోజనమని ఆ ప్రతిపాదన.

క్లోర్‌ఫెనిరమైన్ తుమ్ములను, కారు ముక్కును ఆపును. అదే సమయమున నోటిని ఎండజేయును, మగత కలిగించును, చెమటను కొంత తగ్గించును. చెమట తగ్గిన, వేడి లోపల నిలుచును. వేడి నిలిచిన, గుండె వేగిరపడును. ఈ మందులో సగము శరీరమునుండి పోవుటకే దాదాపు ఒక దినము పట్టును. రాత్రి వేసికొనిన మాత్ర మరునాటి ఉదయపు వ్యాయామమునకును తోడువచ్చుననుట ఇందువలననే. కెఫీన్ సంగతి మీకు తెలిసినదే. మాత్రలోని కెఫీన్‌కు రెండు గ్లాసుల టీ చేరిన, గుండె దడ కొందరికి స్పష్టముగా తెలియును.

అంకె ఎందులకు పెరిగినది?

ఇప్పుడు నా 148ని విడదీసి చూతము. శరీరపు వేడి ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెరిగిన, గుండె నిమిషమునకు సుమారు 8 మొదలు 10 స్పందనలు ఎక్కువగా కొట్టుకొనును. ఆ మధ్యాహ్నము నాకున్న 101 డిగ్రీల ఫారెన్‌హీటు జ్వరము, మామూలు వేడికంటె సెంటీగ్రేడు లెక్కలో సుమారు 1.3 డిగ్రీలు ఎక్కువ. వ్యాయామపు వేడి దానికి తోడు. ముందు రాత్రి నిద్ర లేదు. దగ్గువలన నీరు సరిగా త్రాగలేదు. ఒంటిలో నీరు తగ్గిన, ఒక్కొక్క స్పందనకు పోవు రక్తము తగ్గి, ఆ లోటును గుండె వేగముచే పూరించుకొనును. వీటన్నిటిపైన మాత్రయు, టీయు.

కనుక లోపలి లెక్కలో పెద్దభాగము జబ్బుది, మాత్రది చిన్నభాగము. ఐనను మాత్ర లేనిచో నేను ఆ ఉదయము మంచము దిగియుండను. తల బరువు, ఒళ్ళునొప్పులు, ముక్కు దిబ్బడ నన్ను ఇంటిలోనే కూర్చుండబెట్టియుండెడివి. ప్రకృతి పెట్టిన ఆ అడ్డుగోడను మాత్ర తీసివేసెను. గోడకు అవతలనున్న గోతిని మాత్రము పూడ్చలేదు.

ఆ గోయి కొందరికి లోతైనది కావచ్చును. జలుబు, ఫ్లూ జ్వరములను కలిగించు కొన్ని సూక్ష్మజీవులు అరుదుగా గుండె కండరమునకే వాపు కలిగించును. ఆ స్థితిలో తీవ్రశ్రమ చేసిన, గుండె లయ తప్పి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి వాపు వచ్చినవారిని వైద్యులు సాధారణముగా 3 మొదలు 6 నెలలు తీవ్ర వ్యాయామమునకు దూరముగా ఉంచుదురు. జలుబు చేసిన ప్రతివానికిని ఇది వచ్చునని భయపడనక్కరలేదు. జ్వరముతో పరుగెత్తరాదను పెద్దల మాటకు ఇట్టి గట్టి కారణము కలదని తెలిసికొనిన చాలును.

ఇద్దరు పడవపందెగాండ్ర కథ

మన దేశపు పడవపందెగాడు దుష్యంత్ చౌహాన్ 2018 ఆగస్టులో ఇండొనీషియాలోని పాలెంబాంగునందు జరిగిన ఆసియా క్రీడలలో, ఒంటరి పడవపై 2000 మీటర్ల పందెమున కాంస్య పతకము గెలిచెను. పతకప్రదానము కాగానే ఆయనను మోతమంచముపై తీసికొనిపోవలసివచ్చెను. జలుబువలన తాను సరిగా భుజింపలేకపోయితినని, ఒంటిలో నీరు తగ్గినదని ఆయన పిమ్మట చెప్పెను. దేశమునకు పతకము తెచ్చు దార్ఢ్యముగల శరీరమునే జలుబు ఇంతగా పీడింపగలదన్నప్పుడు, తక్కినవారి మాట చెప్పనేల?

రెండవ కథ కెనడా దేశపు సిల్కెన్ లామన్ అను ఆమెది. ఆమె 1991లో పడవపందెములలో ప్రపంచ విజేత. 1992 ఒలింపిక్ క్రీడలలో కాంస్యము, 1996లో రజతము గెలిచిన ధీర. 1995లో అర్జెంటీనాలో జరిగిన పాన్ అమెరికన్ క్రీడలలో నలుగురు స్త్రీలు కలసి నడపు పడవకు స్వర్ణ పతకము వచ్చెను. కాని పరీక్షలో లామన్ శరీరమున సూడోఎఫెడ్రిన్ కనబడెను. వైద్యుడు వాడవచ్చునని చెప్పిన మందునే తీసికొనుచున్నానని ఆమె తలచినది; కాని తీసికొనినది అదే పేరుతో అమ్ముడగు మరియొక రకము. అందులో ముక్కు దిబ్బడ మందు కలిసియున్నది. ఆమెతోపాటు తక్కిన ముగ్గురును పతకమును పోగొట్టుకొనిరి.

ఈ కథలోని నీతి మన అంగడులకును వర్తించును. పెట్టెపై పేరు ఒకటే. చివర చేర్చిన ఒక మాటతో లోపలి మందు మారిపోవును. అందుచేత పేరు చదువుట చాలదు. దానిక్రింద చిన్న అక్షరములలోనున్న మందుల పట్టిక చదువవలెను. రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి పోటీలకు పోవు మీ గ్రామపు కబడ్డీ ఆటగాండ్రకును ఇది అవసరము. హద్దు మించిన సూడోఎఫెడ్రిన్ 2010 నుండి మరల పోటీ దినములందు నిషిద్ధము. పొరపాటున తీసికొంటిననుట అక్కడ చెల్లదు.

ముఖ్యముగా జాగ్రత్తపడవలసినవారు

రక్తపుపోటు, గుండెజబ్బు, గుండెలయ తప్పుట, థైరాయిడు ఉద్రేకము ఉన్నవారును, కంటిలో నీటిపోటు కలవారును, మూత్రము కష్టముగా వచ్చు వృద్ధులును వైద్యుని అడుగక ముక్కు దిబ్బడ మందు కలిసిన మాత్ర వాడరాదు. మనోవ్యాధులకు మందులు తీసికొనువారు, ఉబ్బసమునకు మందు పీల్చువారు ఆ సంగతి వైద్యునికి ముందుగా చెప్పవలెను. ఉబ్బసపు మందు గుండెను తొందరపెట్టు స్వభావము కలది. రక్తపుపోటు మందులలో కొన్ని గుండెను నెమ్మదింపజేయును. అవి వాడువారికి 220 లెక్క పనికిరాదు.

మరియొక పొరపాటు తరచుగా జరుగుచుండును. జలుబు మాత్రలో పారాసిటమాల్ ఉన్నదని తెలియక, జ్వరమునకు మరల పారాసిటమాల్ బిళ్ళ వేసికొందురు. పెద్దవారు దినమునకు అన్నివిధముల కలిపి 4 గ్రాములకు మించరాదు. మించిన కాలేయము చెడును. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందును నాలుగేండ్లలోపు పిల్లలకు వాడరాదని అట్టలపై ముద్రింపవలెనని 2023 డిసెంబరులో మన దేశపు ఔషధ నియంత్రణాధికారి ఉత్తరువిచ్చియున్నారు. పెద్దవారి మాత్రను విరిచి పిల్లలకు వేయు అలవాటును ఆశా కార్యకర్తలు మాన్పింపవలెను.

వ్యాయామము చేయవచ్చునా? మానవలెనా?

దీనికి సులభమైన కొలత కలదు. బాధ మెడకు పైననే ఉన్నచో, అనగా ముక్కు కారుట, తుమ్ములు, గొంతు గరగర మాత్రమే ఉన్నచో, తేలిక వ్యాయామము చేయవచ్చును. సగము వేగముతో పది నిమిషములు చేసి చూచి, ఒళ్ళు సుఖముగా ఉన్న కొనసాగింపవచ్చును, లేనిచో దిగవలెను. బాధ మెడకు దిగువకు పోయినచో, అనగా జ్వరము, ఛాతీలో దగ్గు, ఆయాసము, ఒళ్ళునొప్పులు, విరేచనములు ఉన్నచో, వ్యాయామము పూర్తిగా మానవలెను. ఈ కొలతను మాత్ర వేసికొనక ముందున్న స్థితినిబట్టి చూడవలెను. మాత్ర వేసికొనిన పిమ్మట మెడకు దిగువ బాధలన్నియు లేనట్లే తోచును.

రెండవ కొలత నాడి. నిద్ర లేచిన వెంటనే మంచముపైననే మణికట్టునొద్ద రెండు వ్రేళ్ళనుంచి 15 సెకండ్లు లెక్కించి, ఆ లెక్కను నాలుగింతలు చేయవలెను. బొటనవ్రేలు వాడరాదు, దానికిగూడ నాడి కలదు. ఆరోగ్యముగా ఉన్న దినములలో మీ అంకె ఎంతయో ముందుగా వ్రాసియుంచుకొనుడు. జలుబు దినమున అది నిత్యముకంటె పది స్పందనలు మించియున్న, ఆ దినమున శ్రమ వలదు. దీనికి పట్టీ అక్కరలేదు, మిషను అక్కరలేదు. ఒక గడియారము చాలును.

జ్వరము తగ్గిన తరువాత, మాత్ర సాయము లేకుండ ఒక దినమంతయు జ్వరము లేకుండ గడచినచో, మూడవ కొలతగా తేలిక వ్యాయామముతో ఆరంభింపవచ్చును. మొదటి దినము సగము సేపు, సగము బలము. పిమ్మట రెండు మూడు దినములలో పూర్వపు నడకకు రావలెను. ముక్కు దిబ్బడకు ఉప్పునీటి చుక్కలు గుండెను తాకవు. గోరువెచ్చని నీరు, గంజి, ఉప్పునీటితో పుక్కిలింత, మంచి నిద్ర పాతవైనను మేలైనవి. ఆవిరి పట్టుట సుఖమిచ్చును. కాని మరుగునీటి గిన్నెను పిల్లలకు దూరముగా ఉంచవలెను. అంగడిలోని ముక్కు చుక్కల మందును కొద్దిదినములకు మించి వాడిన దిబ్బడ మరింత పెరుగును.

ఛాతీలో నొప్పి లేక బిగువు, శ్రమకు మించిన ఆయాసము, లయ తప్పిన దడ, కన్నులు తిరుగుట, స్పృహ తప్పుట—వీనిలో ఏది కనబడినను వెంటనే ఆపి కూర్చుండవలెను. బాధ తగ్గలేదేని 108కి ఫోను చేయవలెను. నావలె పట్టీ చెడినదని వాదించుచు లాగరాదు.

పంచాయతీ చేయగల పని

ఇందుకు నిధులు ఎక్కువగా అక్కరలేదు. వ్యాయామస్థలమునను, క్రీడా ప్రాంగణమునను తెలుగులో పెద్ద అక్షరములతో ఒక బోర్డు పెట్టింపుడు: “జ్వరమున్న దినము శ్రమ వలదు. మాత్ర వేసికొని పరుగెత్తరాదు. ఛాతీ నొప్పి వచ్చిన ఆగుడు. 108కి ఫోను చేయుడు.” గోడ గడియారము ఒకటి, మంచినీటి కుండ ఒకటి అచ్చట ఉండునట్లు చూడుడు. ముప్పది యేండ్లు దాటినవారికి రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది ఉచితముగా చేయుచున్నారు. వ్యాయామమునకు వచ్చువారు ముందుగా ఆ పరీక్ష చేయించుకొనునట్లు గ్రామసభలో చెప్పవచ్చును. నాడి చూచుట ఎట్లో ఒక సాయంకాలము ఏ.ఎన్.ఎం. చేత బడిపిల్లలకు నేర్పించిన, వారు ఇంటింట నేర్పుదురు.

అన్నిటికంటె ముఖ్యమైనది, పోలీసు, సైనిక ఉద్యోగములకై 1600 మీటర్ల పరుగు సాధనచేయు యువకులతో మాటాడుట. వారికి ఒక్క దినము మానిన వెనుకబడుదుమను భయము. అందుచేత జ్వరముతోనైనను మాత్ర మ్రింగి చీకటితోనే రోడ్డెక్కుదురు. వారిని మందలించిన వినరు. “నాయనా, నాలుగు దినముల విశ్రాంతివలన నీ పరుగు పోదు, జ్వరముతో పరుగెత్తిన నాలుగు దినములవలన ప్రాణమే పోవచ్చును. ముందు నీ నాడి చూపించు” అని సర్పంచిగారో, వార్డు సభ్యులో దగ్గరకు పిలిచి చెప్పిన విందురు. పరీక్ష తేదీ దగ్గరపడినపుడు జలుబు చేసిన, అంగడికి గాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుడు.

నేను ఆరవ దినమున మరల మిషనుపై కూర్చుంటిని. సగము బలముతో లాగగా తెరపై 112 కనబడెను. ఆ కుర్రవాడు తొంగిచూచి, “ఇవాళ మిషను బాగయిందా సార్?” అని నవ్వెను. మిషను ఎన్నడును చెడలేదు. చెడినది నా లెక్క. మాత్ర ముక్కును తెరచునేగాని, గుండెకు సెలవు ఇప్పింపదు. ఆ సెలవు మనమే ఇయ్యవలెను.